ఆపే చెయ్యి ఎవరిది?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున పందెం అనగానే సంక్రాంతి పుంజులే గుర్తొస్తాయి. మనుషులే పిడికిళ్లతో తలపడటం చూడాలంటే నిజామాబాద్ జిల్లాకు పోవాలి. బాక్సర్లు నిఖత్ జరీన్‌నూ, హుసాముద్దీన్‌నూ దేశానికిచ్చిన జిల్లా కూడా అదే.

బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాట ఆడతారు. గుంజలకు మోకు కట్టి, చెరోవైపు నిలబడి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో ఎదుటివాణ్ణి గుద్దుతారు. ఆట ముగిశాక కాముని బూడిద గాయాలకు రాసుకుని అలయ్ బలయ్ చేసుకుంటారు. ఆడకపోతే ఊరికి కీడని నమ్మకం. పోలీసులు వద్దన్న ఏళ్లలోనూ ఆడారు. దీన్ని ఆటవికమని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. మోకు ఉంది, గడువు ఉంది, పగ మిగలకూడదన్న కట్టుబాటూ ఉంది. లేనిదల్లా తూకం, డాక్టరు. కణతకు తగిలిన దెబ్బ ఎవరి లెక్కలోకీ రాదు.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో బరువు తూచి, డాక్టరు పరీక్షించాకే రింగ్‌లోకి పంపుతారు. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, నడుమ నిమిషం విరామం. దెబ్బకు తూలితే రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టి, కళ్లలోకి చూసి, చాలనుకుంటే ఆపేస్తాడు. తలదెబ్బతో పడిపోయినవాడు కనీసం నెల రోజులు మళ్లీ రింగెక్కకూడదు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన నియమం ఇదే. మెదడు తేరుకోకముందే తగిలే రెండో దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. హెడ్‌గార్డ్ సంగతి అంత తేలిక కాదు. అది చర్మం చిట్లకుండా చూస్తుందే తప్ప లోపలి కుదుపును ఆపదంటూ 2013లో సీనియర్ పురుషుల పోటీల నుంచి తీసేశారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో హుసాముద్దీన్ సెమీఫైనల్‌కు చేరాడు. మోకాలి గాయం వల్ల బరిలోకి దిగకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. ఊరంతా చూస్తుండగా అలా తప్పుకోవడం హున్సాలో ఎంతమందికి సాధ్యం?

బాక్సింగ్ పెద్దలు మచ్చలేనివాళ్లేమీ కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో తీర్పుల మీద గొడవై కొందరు జడ్జీలనూ రిఫరీలనూ పక్కనపెట్టారు. 2023లో ప్రపంచ సంఘానికి ఒలింపిక్ కమిటీ గుర్తింపే పోయింది. అయినా ఆ రచ్చ తీర్పుల గురించీ, డబ్బు గురించీ, పాలన గురించీ. రింగ్ పక్కన డాక్టరు ఉండాలన్న నియమాన్ని ఎవరూ ఎత్తేయలేదు.

నన్ను భయపెట్టేది ఈ రెండూ కాదు, మూడో రకం. 2022 జులైలో బెంగళూరులో ఒక కిక్‌బాక్సింగ్ పోటీలో దెబ్బతిని మైసూరు యువకుడు చనిపోయాడు. అక్కడ సరైన వైద్య ఏర్పాట్లు లేవని కుటుంబం ఆరోపించింది. హున్సాలో మోకు పట్టుకున్నవాడికి డాక్టరు లేడని ముందే తెలుసు. గ్లవ్స్, రింగ్, లైట్లు చూసిన కుర్రాడు మాత్రం తనను కాపాడేవాళ్లు ఎవరో ఉన్నారనుకుంటాడు. బాక్సింగ్ వేషం వేసుకుని డాక్టరును మరిచిన పోటీ ఊరి పిడిగుద్దులకన్నా ప్రమాదకరం.

ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఫైట్ పోస్టరు కనబడి మీవాడు పేరిస్తానంటే, నిర్వాహకుల్ని మూడు మాటలు అడగండి. ఏ సంఘం అనుమతిచ్చింది? రింగ్ పక్కన డాక్టరెవరు? అంబులెన్స్ ఎక్కడ? జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే పంపకండి.