రంగు లేని సముద్రం

ఈరోజు విశాఖ పేరు చెబితే ఎవరికైనా ముందు సముద్రం గుర్తొస్తుంది. మా నాన్నగారి తరానికి అలా కాదు, వాళ్లకు వైజాగ్ అంటే పోర్టు. 1933లో రేవు తెరిచారు. 1948లో ‘జల ఉష’ సింధియా షిప్‌యార్డు నుంచి నీళ్లలోకి జారింది. తర్వాత రిఫైనరీ వచ్చింది, 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కింది. పేపర్లో విశాఖ బొమ్మ పడిందంటే ఓడో, క్రేనో, ఊరేగింపో అయ్యుండేది. ఉద్యోగం దొరికితే వెళ్లే ఊరు తప్ప, ఊరికే చూసొద్దామని బయల్దేరే ఊరు కాదు.

1978 మేలో ‘మరోచరిత్ర’ అనే ప్రేమకథా సినిమా వచ్చింది. ఆ సినిమా మాటెత్తితే బాలచందర్, కమల్ హాసన్, సరిత, విశ్వనాథన్ పాటలు... అక్కడితో ఆగిపోతాం. కెమెరా పట్టిన బి.ఎస్. లోకనాథ్ పేరు ఎవరి నోటా రాదు. ‘అపూర్వ రాగంగళ్’కి బ్లాక్ అండ్ వైట్ ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు అందుకున్న మనిషాయన. రంగుల సినిమా రాజ్యమేలుతున్న రోజుల్లో విశాఖనీ భీమిలినీ నలుపు తెలుపుల్లో తీసి, ఈ తీరానికి ఒక ముఖం ఇచ్చింది ఆయనేనని నా లెక్క.

రంగు తీసేస్తే సముద్రంలో ఏం మిగులుతుంది? నీలం పోతుంది. నురుగు గీత, తడి ఇసుక మెరుపు, రాళ్ల గరుకుదనం మిగులుతాయి. అవి పలకాలంటే వెలుగు ఏ పక్కనుంచి పడుతోందో చూసుకోవాలి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగిపోతాడు. పొద్దున్నే నీళ్లవైపు కెమెరా తిప్పితే మనుషులు నల్లటి ఆకారాలైపోతారు, వెనక నీళ్లు వెండిలా తళతళలాడతాయి. అదే సాయంత్రమైతే వెలుగు మన వీపు వెనకనుంచి వచ్చి ముఖాల మీద పడుతుంది. ముఖాలు బాగానే వస్తాయిగానీ అలలు చప్పగా అణిగిపోతాయి.

ఇక ఫిల్టర్ల సంగతి. లెన్సు ముందు ఎర్ర గాజు పెడితే నీలాకాశం నల్లబడుతుంది, మబ్బులు తెల్లగా పైకి తేలతాయి, దూరపు కొండల మీది మసక కూడా కొంత విడిపోతుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ కొండను తీసినప్పుడు పసుపు ఫిల్టరు చాలక ఎరుపుకు మారింది అందుకే. కాకపోతే ముదురు ఎరుపు ఊరికే రాదు, వెలుగు ఎనిమిదింతలు కావాలి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో ఇది మరీ తమాషాగా ఉంటుంది. ఎర్ర ఫిల్టరుతో తీస్తే ఆ మట్టి పాలిపోయి సున్నపు గుట్టల్లా కనిపిస్తుంది. ఆకుపచ్చది పెడితే అవే దిబ్బలు కాలిన గోడల్లా నల్లబడతాయి. చోటు అదే, తీసేవాడి చేతిలో గాజు ముక్కే తేడా. కలర్‌లో ఈ వెసులుబాటు ఉండదు, ఎర్ర మట్టి ఎర్రగానే ఉంటుంది.

‘మరోచరిత్ర’ తెలుగులోనే, డబ్బింగ్ కూడా లేకుండా, మద్రాసులో ఏడాదిన్నర పైగా ఆడింది. భాష రానివాళ్లు కూడా మన తీరాన్ని గుర్తుపెట్టుకున్నారు. 2010లో అదే పేరుతో రంగుల్లో, అమెరికా నేపథ్యంలో మళ్లీ తీశారు. అందులో ఊరేదో ఎవరైనా చెబుతారేమో అడిగి చూడండి.

అయితే కెమెరా ఒక దాన్ని చూపించిందంటే పక్కదాన్ని ఫ్రేము బయట వదిలేసిందనే. ఫోటోగ్రాఫర్ కార్లటన్ వాట్కిన్స్ 1861లో పెద్ద పెద్ద గాజు పలకలు మోయించుకుని కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు వెళ్లాడు. 1864లో ఆ లోయను కాపాడుతూ చట్టం రావడంలో ఆయన ఫోటోల పాత్ర ఉందని చెబుతారు. ఆ ఫోటోల్లో కొండలూ చెట్లూ నీళ్లూ నిండుగా ఉంటాయి, తరతరాలుగా అక్కడ బతికిన మనుషులు మాత్రం దాదాపు కనబడరు. మన దగ్గరా అంతే జరిగింది. జనం మనసులో ప్రేమికుల బీచ్ నిలిచిపోయింది. జాలరిపేట వలలు, ఓడల్లోకెక్కే ఇనుప ఖనిజం దుమ్ము, షిఫ్టు దిగి సైకిళ్ల మీద ఇళ్లకు పోయే కార్మికులు పక్కకు జరిగిపోయారు. టూరిజం పోస్టర్లు ఇప్పటికీ ఆ ఫ్రేములోనే తిరుగుతున్నాయి. కైలాసగిరి నుంచి తీరం వంపు, రుషికొండ అలలు, రోజూ అవే. ఇందుకు లోకనాథ్‌ని తప్పుపట్టలేం. ఆయన కథకు కావలసింది తీశాడు, మనమే దాన్ని ఊరనుకున్నాం.

మొన్న తెల్లారగట్ల ఆర్కే బీచ్‌లో పాత ఫిల్మ్ కెమెరాతో తంటాలు పడుతుంటే, మెళ్లో కెమెరా వేసుకుని తిరిగే ఫోటోల పెద్దాయన ఆగి చూశాడు.

“సూరీడు ఎదరున్నాడు కదా బాబూ, మొకాలు నల్లగొచ్చేస్తాయి. ఎవరికి తీస్తన్నారు?”

“ఎవరికీ కాదు పెద్దాయనా, సముద్రానికే.”

“మరైతే పర్లేదు,” అని నా పక్కనే నిలబడి దక్షిణంగా డాల్ఫిన్ నోస్ వైపు చెయ్యి చూపించాడు. కొండ దాటి ఒక సరుకు ఓడ మెల్లగా బయటికొస్తోంది. “అది లోపలికొచ్చేదాకా ఆగండి.” ఆగాను.