కింది మెట్టు మీద గుడ్డబొమ్మ

గోదావరి జిల్లాల్లో దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువుని మనం పండగ అలంకారంగానే చూస్తాం. నాకది ఇంటి చరిత్రలా కనిపిస్తుంది. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్న ఆనవాయితీ వల్ల ఆ మెట్ల మీద సంవత్సరాలు పేరుకుంటాయి. ఈ పల్లకీ పిన్ని పెళ్ళినాటిది, ఆ కృష్ణుడు మనవడు పుట్టిన ఏటిది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఏడు పండగ ఉండదు, బొమ్మల పెట్టె తెరవరు. అంటే సంతోషానికి గుర్తుగా బొమ్మ మిగులుతుంది, దుఃఖానికి గుర్తుగా ఏదీ మిగలదు.

కొండపల్లి బొమ్మల్నే తీసుకోండి. తెల్లపొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి రంగులేస్తారు. పెళ్ళి పల్లకీ, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దంపుళ్ళ ఆడవాళ్ళు, ఇలా ఊరంతా ఉంటుంది. అయినవాళ్ళని పోగొట్టుకున్న మనిషి మాత్రం నేను చూసిన వాటిలో లేదు. అది పనివాళ్ళ లోపం కాదు. పేరంటానికి ఎవర్ని పిలవమో వాళ్ళు మెట్ల మీదకీ రారు.

పట్టిసీమలో మా అమ్మమ్మ చేసిన గుడ్డబొమ్మ ఒకటుంది. జానెడు పొడుగు, లోపల బూరుగుదూది, నల్లదారంతో కళ్ళు, నోటికి ఒక్క ఎర్ర కుట్టు. ఎవరి పోలికా లేదు. శివరాత్రి తీర్థంలో కొన్న మట్టిబొమ్మల పక్కన, కింది మెట్టు చివర కూచుంటుంది. దాని చీర అమ్మమ్మ ఎర్రచీరలోంచి కత్తిరించింది. తాతయ్య పోయాక ఆవిడ ఆ చీర కట్టలేదు. పేరంటాళ్ళు వచ్చే వేళకి ముందుగదిలోకీ వచ్చేది కాదు.

ఈ మధ్య జ్ఞాపకాల బొమ్మలు చాలా చేస్తున్నారు. తాతగారి కళ్ళజోడు, కండువా, చేతికర్ర అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. పనితనం బాగుంటుంది కానీ, అన్నీ బొమ్మే చెప్పేశాక చూసేవాళ్ళకి పనేం మిగులుతుంది?

మరి కథ తెలియకపోతే మా గుడ్డబొమ్మ మాత్రం ఏం గొప్ప అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఏ మార్పు ఎందుకు చేశామో పక్కనే రాసిపెడతాం. కొలువులో ఆ రాత ఉండదు. అందుకే కథ పక్కనపెట్టి కుట్టు చూడండి. చీరని ఒంటికి కుట్టేయలేదు. నాలుగంచులూ మడిచి సన్నగా కుట్టింది, పిల్లలు ఎన్నిసార్లు విప్పి కట్టినా పోగులు లేవకుండా. తను కట్టుకోలేని చీరని మళ్ళీ మళ్ళీ కట్టేలా తయారుచేసింది. ఇది కథ తెలియని చేతికి కూడా అందుతుంది. మంచి బొమ్మ అనడానికి నాకీ ఒక్క ఆధారం చాలు.

కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత ఎన్నో తరాలకి కూడా పేరంటం గడప దగ్గర పద్ధతి పెద్దగా మారలేదు. పెళ్ళి సంగతి అలా ఉంచి, పసుపూ కుంకమా ఇవ్వడానికే చెయ్యి వెనక్కి పోతుంది.

కాబట్టి కొలువు పెట్టేవాళ్ళతో నేననేది ఇంతే. ఇలాంటి బొమ్మ మీ ఇంట్లోనూ ఉంటే కింది మెట్టు మీంచి తీసి పల్లకీ పక్కన పెట్టండి. దాన్ని చేసినావిడ ఇంకా ఉంటే, మొదటి పేరంటం ఆవిడనే పిలవండి.