ఖడ్గమూ మంత్రమూ ఒకే చేత: తెలుగు కథనంలో మిశ్రవీరుడు

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి కథ నడిపే క్రీడలకు 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆద్యం. అందులో ప్రతి ఆటగాడూ ఒక ‘క్లాస్’ను, అంటే పాత్రవర్గాన్ని, ఎంచుకుంటాడు. యోధుడు, మాంత్రికుడు అనేవి వాటిలో మౌలికమైనవి. ఈ రెంటినీ ఒక్క పాత్రలో కలపడమెలా అన్నది క్రీడారూపకర్తలు నేటికీ తిరగరాస్తున్న ప్రశ్న. తెలుగువారికి పరిచితమైన కథలు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పాశ్చాత్యుల పరిష్కారం ప్రధానంగా గణితం. 1981 నాటి బేసిక్ నియమావళిలో కత్తీ మంత్రమూ రెండూ తెలిసిన ‘ఎల్ఫ్’ రెండవ స్థాయికి చేరడానికి 4,000 అనుభవాంకాలు కావాలి. యోధునికి 2,000 చాలు. 2014 నాటి అయిదవ కూర్పులోని ‘ఎల్డ్రిచ్ నైట్’ మూడవ స్థాయిలో మంత్రవిద్య ఆరంభించినా, నాలుగవ శ్రేణి మంత్రాలను దాటలేడు. ఒకచోట ఆలస్యం, మరొకచోట కోత. ఆట సమతూకంగా సాగుతుంది, కాదనలేము. అయితే ఆ యోధునికి మంత్రం అంతవరకే ఎందుకు పట్టుబడిందో కథ చెప్పదు, పట్టిక చెబుతుంది.

భారతకథలో అస్త్రమన్నదే ఆయుధమంత్రాల సంధి. చేతితో ప్రయోగించేది శస్త్రం. మంత్రపూతం చేసి విడిచేది అస్త్రం. అర్జునుడూ కర్ణుడూ అశ్వత్థామా ఎవరూ సగం యోధులు కారు, సగం మంత్రవేత్తలూ కారు. వారి హద్దు శక్తి పరిమాణంలో లేదు. బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని వద్ద విద్య గ్రహించిన కర్ణునికి బ్రహ్మాస్త్రం అవసానకాలంలో స్ఫురించదు. తిక్కన తెనిగించిన సౌప్తికపర్వ కథ ఇంకా సూక్ష్మమైనది. అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తారు. ఉపసంహరించమన్నప్పుడు అర్జునుడు ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు అది సాధ్యం కాదు. మళ్లించగలడు అంతే. ఆ మళ్లింపు పాండవస్త్రీల గర్భాల మీద పడుతుంది. క్రీడాపరిభాషలో చెప్పాలంటే, ప్రయోగానికి పాచిక అక్కర లేదు, ఉపసంహారానికే కావాలి. పాచిక ఓడితే మంత్రం ఆగదు, గురి మారుతుంది. ఇంతటి నాటకీయమైన నియమం పై రెండు కూర్పుల్లో ఏ అంకెల కోతా ఇవ్వలేదు.

జానపదంలో పరిస్థితి వేరు. అక్కడ మంత్రం దాదాపు ఎప్పుడూ ప్రతినాయకుని సొత్తే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ముందు రాజుల కత్తులు పనికిరావు. చిలుకలో దాగిన అతని ప్రాణాన్ని వెదికి పట్టుకోవాలి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు ప్రతిమను సాధిస్తాడు, వాడుకుంటాడు, కోల్పోతాడు. మంత్రవిద్య మాత్రం నేర్వడు. దాసరి సుబ్రహ్మణ్యం ‘చందమామ’ ధారావాహికల్లో ఒకటైన ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మకు కత్తి, జీవదత్తుకు మంత్రదండం. మిశ్రవర్గం అక్కడ ఒక మనిషి కాదు, ఒక స్నేహం. పాఠకులు ‘ఖడ్గజీవదత్తులు’ అని ఒకే సమాసంగా పలకడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఈ విభజనను కేవలం కథాసౌలభ్యంగా చూడడం పొరపాటు. కవిటి, పలాస, టెక్కలి ప్రాంతాలతో సహా ఉత్తరాంధ్రలో ‘చిల్లంగి’ అన్న మాట ఊహాలోకానిది కాదు. ఆ అనుమానం పడ్డ మనుషులు దెబ్బలు తిన్నారు, చంపబడ్డారు కూడా. కవిటికి ఎగువన ఇచ్ఛాపురం దాటగానే ఉన్న ఒడిశా ఇటువంటి హింసను నివారించడానికి 2013లో ప్రత్యేక చట్టమే చేసుకుంది. రాజకుమారుని నోట మంత్రం అస్త్రమవుతుంది. ఊరి చివర వృద్ధురాలి నోట అదే చిల్లంగి అవుతుంది. కర్ణుని శాపం వెనుకనున్నదీ ఈ అధికారభేదమే: విద్య ఒక్కటే, దానికి అర్హుడెవరన్నది పుట్టుక తేల్చింది.

కనుక తెలుగు బల్లకు ఖడ్గమంత్రవీరుని రూపొందించేవారు ఇతిహాసాన్ని మొత్తంగా ఎత్తిపోసుకోరాదు. ఉపసంహార నియమం తీసుకోవలసినది. జన్మాధికారాన్ని ‘అర్హత’ అనే గడిలో రాసుకోవడం మాత్రం వర్ణధర్మాన్ని పాచికల్లోకి దించడమే. విస్మృతిని ఉంచుకోవచ్చు, అయితే దాని కారణం కులం కాకూడదు; ఆటగాడు కథలో తానే తప్పిన మాట కావాలి. గురువుకిచ్చిన ఏ మాట తప్పితే ఏ మంత్రం మరుపున పడుతుందో పాత్రపత్రంపై ఆట ఆరంభంలోనే రాయించవచ్చు. ‘మాంత్రికుడు’ అన్న పేరు ఈ వర్గానికి నప్పదు, వినగానే ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుడే కళ్ల ముందు నిలుస్తాడు. ‘అస్త్రవిదుడు’ అనవచ్చు. అతని పత్రంలో దెబ్బబలం గడి కంటే ఉపసంహారం గడి పైన ఉండాలి.