ద్వారబంధం మీద సుద్ద రాత

సెప్టెంబరు వచ్చిందంటే ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో పెద్ద పెద్ద సూట్‌కేసులు కనిపిస్తాయి. జర్మనీలో చలికాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. వెళ్ళే పిల్లలకు ఆవకాయ ఎలా కట్టించుకోవాలో, ఎలాంటి కోటు కొనుక్కోవాలో చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. నేను ఫొటోల గురించి చెబుతాను. కొలోన్‌లో చదువుకున్న రోజుల్లో నాకు పట్టుబడిన విద్య ఇదొక్కటే అని కూడా అనిపిస్తుంది.

కొలోన్ స్టేషన్ బయట అడుగుపెట్టగానే కెథడ్రల్ ఎదురుగా నిలబడి ఉంటుంది. 157 మీటర్ల ఎత్తు. 1248లో పునాది వేసి 1880లో పూర్తి చేశారు. దాన్ని ఎవరు తీసినా ఒకే ఫొటో వస్తుంది. నేనూ తీసి ఇంటికి పంపాను. అమ్మ చూసి "బాగుంది నాయినా, తిన్నావా?" అంది. జనవరిలో మా వీధిలో ఒక పాత ఇంటి ద్వారబంధం మీద తెల్ల సుద్దతో రాసిన రాత కనిపించింది. ఒక చివర 20, ఇంకో చివర ఆ ఏడాది చివరి రెండంకెలు, మధ్యలో సి, ఎం, బి అనే మూడు అక్షరాలు, వాటి నడుమ శిలువ గుర్తులు. అదీ తీసి పంపాను. ఈసారి అమ్మ నుంచి ఫోనే వచ్చింది. "గుమ్మం మీద ఆ రాతలేటి? పాల లెక్కలేటి?" మా ఇంటి దగ్గర పాలు పోసే ఆమె గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, అమ్మకు అదే గుర్తొచ్చింది.

నాకు జవాబు తెలియదు. కింది అంతస్తులో ఉండే పెద్దావిడను అడిగాను. అప్పటిదాకా మెట్ల మీద నమస్కారాలే తప్ప మా మధ్య మాటల్లేవు. ఆ రోజు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి చెప్పింది. జనవరి 6 ముగ్గురు రాజుల పండగ. చుక్కను చూసుకుంటూ బాలయేసు దగ్గరికి వచ్చిన ముగ్గురు: కాస్పర్, మెల్కియోర్, బాల్తజార్. ఆ పండగ రోజుల్లో పిల్లలు రాజుల వేషం కట్టి, కర్రకు నక్షత్రం తగిలించుకుని ఇంటింటికీ వచ్చి పాడతారు. బీద పిల్లల కోసం డబ్బా పట్టి చందా అడుగుతారు. వెళ్తూ వెళ్తూ ద్వారబంధం మీద ఈ రాత రాస్తారు. ఈ ఇంటిని క్రీస్తు దీవించుగాక అనే లాటిన్ మాటలకు కూడా అవే మొదటి అక్షరాలు. వాన కడిగితేనో, వచ్చే ఏడు కొత్తది రాస్తేనో తప్ప ఎవరూ దాన్ని తుడవరు. అమ్మకు చెప్పాను. "అయితే మన హరిదాసు తిరిగే రోజులే కదా" అంది.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఆ ముగ్గురు రాజులవని నమ్మే అస్థికలు 1164లో కొలోన్ చేరాయి. వాటిని చూడడానికి వచ్చే యాత్రికులు పెరగబట్టే అంత పెద్ద కెథడ్రల్ తలపెట్టారు. ప్రధాన వేదిక వెనుక ఉన్న బంగారు మందసం వాళ్ళదే. నేను దాని ముందునుంచి ఎన్నిసార్లు నడిచానో! సుద్ద రాత గురించి అడిగిన తర్వాతే ఆ గుడి ఎందుకు కట్టారో తెలిసింది.

అందుకే చిన్నవాటిని తీయమంటాను. అయితే ఇక్కడొక తేడా ఉంది. తుప్పు పట్టిన గొలుసు, గాజు మీద చినుకులు, రాలిన ఎర్ర ఆకు కూడా చిన్నవే. చాలామంది అవే తీస్తారు, అవి అందంగానూ ఉంటాయి. కానీ ఆ చినుకులు పార్వతీపురంలోనూ అలాగే ఉంటాయి. ఒక మనిషి చేత్తో చేసినది, ఆ ఊళ్ళోనే అర్థముండేది, అడిగితే ఎవరో ఒకరు చెప్పగలిగేది: నా లెక్కలో తీయవలసిన చిన్న వస్తువు అది. అడగకుండా వదిలేస్తే ఆ ఫొటో సగమే.

కొలోన్‌లో చెత్తడబ్బాల పక్కన ఖాళీ సీసాలు నిలబెట్టి ఉంటాయి. డబ్బాలో వేయకుండా పక్కన ఎందుకు పెట్టారు? అక్కడ సీసా కొన్నప్పుడే దాని మీద పూచీ డబ్బు కట్టాలి. బీరు సీసాకు సాధారణంగా 8 సెంట్లు, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు. దుకాణంలో తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. పారేసేవాటికి ఈ పద్ధతి 2003 నుంచి ఉంది. పింఛను చాలని ముసలివాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు ఆ సీసాలు ఏరుకుంటారు. వాళ్ళు చెత్తలో చేయి పెట్టనక్కర్లేకుండా తెలిసినవాళ్ళు పక్కన పెట్టి వెళ్తారు. ఆ మర్యాదను నేను ఫొటో తీశాను. ఏరుకునేవాళ్ళను మాత్రం తీయలేదు. అక్కడ దీనికొక చట్టం కూడా ఉంది. 1898లో జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగతనంగా ఆ గదిలో దూరి శవాన్ని ఫొటో తీశారు. ఆ రగడ ఫలితంగా 1907లో వచ్చిన చట్టం ప్రకారం, మామూలుగా ఒక మనిషి బొమ్మను ప్రచురించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. చట్టం లేకపోయినా ఆ సీసా చాలు, మనిషి లేని లోటు కనిపించదు.

ఇక ఇత్తడి పలకలు. కాలిబాట మీద రాళ్ళ మధ్య అరచేయంత ఇత్తడి బిళ్ళ, దాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, పట్టుకెళ్ళిన ఏడు, చంపేసిన చోటు. నాజీలు చంపిన, తరిమేసిన మనుషులు తమ ఇష్టంతో చివరిగా నివసించిన ఇళ్ళ ముందు వీటిని పరుస్తారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో మొదటి రాయిని కొలోన్ నగర మందిరం ముందే పరిచాడు. 2023లో న్యూరెంబర్గ్‌లో లక్షో రాయి పరిచారు. అక్షరాలను ఇప్పటికీ సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టి చెక్కుతారు. మ్యూనిక్ నగరం మాత్రం బహిరంగ స్థలాల్లో వీటిని ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్ళ పేర్లను కాళ్ళ కింద వేయడమేమిటని అక్కడి యూదు పెద్దల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ మాటలోనూ న్యాయముంది. కానీ చదవాలంటే ప్రతివాడూ వంగాలి, ఫొటో తీయాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. యూదుల మీద నాజీల దాడులను తలచుకునే నవంబరు 9న ఇరుగుపొరుగులు వచ్చి గుడ్డ పెట్టి వాటిని తోముతారు. మా బుడితి ఇత్తడి బిందెలను చింతపండుతో తోమే చేతులు చూసి పెరిగినవాణ్ణి, ఆ తోమడం ఎంత పనో నాకు తెలుసు.

ఆ పలకలు తీస్తూనే వెలుతురు నేర్చుకున్నాను. చెక్కిన అక్షరం కనబడాలంటే వెలుగు పక్కనుంచి, వాలుగా రావాలి. డిసెంబరు మధ్యాహ్నం కొలోన్‌లో సూర్యుడు నేలకు దాదాపు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మబ్బు లేని రోజున అన్ని వేళలా వాలు వెలుగే. శ్రీకాకుళంలో అదే రోజు మధ్యాహ్నం 48 డిగ్రీలు, మే నెలలో సరిగ్గా నడినెత్తిన. కనుక శ్రీకూర్మంలోనో, ముఖలింగంలోనో బయట గోడల మీది చెక్కడాలు తీయాలనుకుంటే పొద్దున ఎండ పడగానో, పొద్దు వాలాకో వెళ్ళాలి. ఫోనును వస్తువు మీదికి ఆనించకండి, మీ నీడే పడుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి. ముందు వీధి మొత్తం ఒకటి తీసి, తర్వాతే దగ్గరిది తీయండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి అది ఏ గుమ్మమో మీకే తెలియదు. ఎవరు ఏం చెప్పారో ఆ రాత్రే రాసిపెట్టుకోండి.

కెమెరా వాడుకలోకి రాకముందే ఈ పని చేసిన తెలుగువాడున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి 1831లో తిరిగొచ్చాడు. ఏ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏ వస్తువులు దొరుకుతాయి, బస ఎక్కడ అన్నవి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపుతూ వచ్చాడు. జగన్నాథం చూసుకుని తిరుగుదారిలో మన తీరం వెంబడే వెళ్ళాడు. గుడులు, కోటలు ఎలాగూ ఉంటాయి. మనకు ఈనాడు ఆ ఉత్తరాల పుస్తకం పనికొస్తున్నది బావులూ, అంగళ్ళూ, బాటలూ రాశాడు కాబట్టి. అడిగే స్నేహితుడు ఒకడు అవతల ఉన్నాడు కాబట్టి అవి రాశాడని నా నమ్మకం. నాకు అమ్మ ఉన్నట్టు.

టికెట్టు తీసుకున్న పిల్లలకు ఇంకా కొన్ని వారాలు ఉంటాయి. ఒక పూట పొందూరు వెళ్ళండి, రైలూ ఉంది, బస్సూ ఉంది. పొందూరు ఖాదీ అనగానే పేపర్లో వచ్చేది రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మ ఫొటో. అది కాదు, ఆమె పక్కన నేల మీద ఉన్నవి చూడండి. వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది. సన్నటి పళ్ళ వరస ఉన్న ఆ ఎముకతోనే పత్తిని దువ్వి, చెత్త తీసి, పోగులు సాపు చేస్తారు. వడకడానికి సిద్ధం చేసిన ఏకులు ఎండిన అరటి పట్టలో చుట్టి ఉంటాయి. ఇనప దువ్వెన ఎందుకు కాదు, ఆ చేపే ఎందుకు, అరటి పట్టే ఎందుకు అని ఆవిడనే అడగండి. అడిగి, ఒప్పుకుంటే చేతులవరకు తీయండి.

కొలోన్‌లోనో, డబ్లిన్‌లోనో తోటి విద్యార్థులు మీది ఏ ఊరని అడుగుతారు. అప్పుడు గోపురం చూపించకండి. ఆ దవడ ఎముక చూపించండి, మిగతా ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.