ప్రబంధనాయికయు ఛాయాచిత్రమును

స్త్రీదేహసౌందర్యమును వర్ణించునపుడు పూర్వకవులు అతిశయోక్తికి వెనుదీయలేదనుట యెల్లరు నెఱిగిన విషయము. నడుము కానరాదు, ముఖము చంద్రుని తల వంపించును, నడక హంసలకు సిగ్గు గొలుపును. పెద్దన వరూధిని యైనను, రామరాజభూషణుని గిరిక యైనను ఈ సంప్రదాయమునకు వెలియైనవారు కారు. ఈ వర్ణనలనే సాక్ష్యముగ జూపి, నేటి చలనచిత్రములును, ప్రకటనలును, చేతిలోని దూరవాణి తెరపై గడియగడియకు మాఱు చిత్రములును యువతుల మనస్సులకు గలిగించు క్లేశము క్రొత్తది కాదనియు, కావ్యములు తరతరములుగ జేసిన పనినే యివియు జేయుచున్నవనియు కొందఱు వాదింతురు. ఈ వాదము పైకి సమంజసముగ దోచునుగాని, అలంకారశాస్త్రదృష్టితో బరిశీలించినచో నిలువదు. అతిశయము రెంటియందును సమానమే. దానిని జెప్పెడి తీరునందు మాత్రము గొప్ప భేదము గలదు.

దండి కావ్యాదర్శ ద్వితీయపరిచ్ఛేదమున అతిశయోక్తిని లోకసీమను మీఱిన వివక్షగా నిర్వచించెను. అతడిచ్చిన యుదాహరణములలో రెండు నడుమును గూర్చినవే. మొదటిదానియందు ప్రియుడు తన ప్రియురాలికి నడుము కలదో లేదో యను సందేహ మింకను దీరలేదనును. రెండవదానియందు నడుము కలదనియే నిర్ణయింపవచ్చుననియు, లేనిచో పైభారము నిలుచుట యెట్లనియు దర్కించును. ఇచట ‘వివక్ష’ యను పదము గమనింపదగినది. అతిశయము వక్త చెప్పగోరిన దానియందున్నదే కాని వస్తువునందు లేదు. వినువాడును దానిని అనురాగవశమున బుట్టిన మాటగనే గ్రహించును. అందుచేతనే యీ శ్లోకములను జదివిన యే బాలికయు దన నడుమును అదృశ్యము చేసికొన బూనదు. ఆకాశమువంటి నడుమును కొలత పెట్టగల కొలబద్ద లేదు.

అంతియ కాదు. ప్రథమపరిచ్ఛేదమున కాంతిగుణమును నిరూపించుచు దండి లౌకికార్థమును దాటని వర్ణనను మెచ్చెను. కాంత స్తనములు పెరుగబోవునని యూహింపక బ్రహ్మ ఆకాశమును చిన్నదిగ సృజించెనను మాటను అత్యుక్తిగ బేర్కొని, అది గౌడులకు బ్రియమైన మార్గమనెను. అనగా దేహవర్ణనయందు ఎంతవఱకు బోవచ్చునను చర్చ శాస్త్రమునందే కలదు. చదువరి చేతికి కావ్యముతోపాటు దానిని దూచెడి త్రాసును గూడ పూర్వు లందిచ్చిరి.

ఛాయాచిత్రము స్థితి వేఱు. చూచువాడు దానిని ఉక్తిగ గాక ప్రత్యక్షప్రమాణముగ గ్రహించును. యంత్రము ముందు నిలిచిన వస్తువే పటముపై బడునని లోకము నమ్మిక. కాని ప్రకటనలకు బోవు చిత్రములందు చర్మముపై మచ్చలను దుడుచుట, నడుమును సన్నగించుట, కన్నులను బెద్దవి చేయుట చాలకాలముగ నాచారమై యున్నది. 1990లో ఫొటోషాప్ వెలువడిన పిమ్మట నీ పని సులభమైనది. ఇపుడు ఫిల్టరుల మూలమున నది బాలికల చేతికే వచ్చినది. కవి ‘వలె’ యనియు ‘పోలె’ ననియు జెప్పి చేసిన దానిని చిత్రము వాచకము లేకయే చేయుచున్నది. లుప్తోపమయందు వాచకము లోపించినను చదువరి దాని నూహింపగలడు. ఇచట నూహించుటకు ఆనవాలే మిగులదు. భ్రాంతిమదలంకారమున సైతము భ్రమపడువాడు కావ్యములోని పాత్ర. కవియు సహృదయుడును సత్యము నెఱిగియే యుందురు. ఇచట భ్రమ సహృదయునిదే. ఇక ఫిల్టరు వేసిన తన పటమునే చూచుకొను బాలిక విషయము మఱింత శోచనీయము. తనకు దానే సాటి యగుట అనన్వయము. అది నిరుపమానత్వమును దెలుపును. ఈ బాలిక తన పటమునకే తాను సాటి రాకున్నది.

ఈ భ్రమ ఫలితము కేవలము ఊహ కాదు. ఫిజీ ద్వీపములలోని నద్రోగా ప్రాంతమునకు 1995లో దూరదర్శనము వచ్చెను. అచటివారు సంప్రదాయముగ నిండైన దేహమును మెచ్చువారు. సన్నబడుట వారికి ఆదరణలోపమునకు గుఱుతు. యాన్ బెకర్ అను అమెరికా మనోవైద్యురాలు తన సహచరులతో ఆ సంవత్సరమున 63 మంది పాఠశాలబాలికలను, 1998లో 65 మందిని ప్రశ్నించి, ఫలితములను 2002లో బ్రకటించెను. భోజనవిషయమున మనస్సు కలత చెందినదని సూచించు అంకెలు గలవారు నూటికి 12.7 నుండి 29.2కు బెరిగిరి. బరువు తగ్గుటకై కావలెనని వాంతి చేసికొనువారు మొదట నొక్కరును లేరు. మూడేండ్ల పిదప నూటికి 11.3 మంది యైరి. రెండు పర్యాయములును ప్రశ్నింపబడినవారు వేర్వేఱు బాలికలు, గుంపులు చిన్నవి. కావున దీనినుండి సర్వదేశసిద్ధాంతమును జేయరాదు. అయినను తెరపై జూచిన స్త్రీలవలె గావలెనని ఆ బాలికలు తామే చెప్పిరనుట ఉపేక్షింపదగినది కాదు.

వర్ణవిషయమున ఆంధ్రులు దూరముగ బోనక్కఱలేదు. యజ్ఞవేదినుండి యుద్భవించిన ద్రౌపదికి ఆమె శ్యామవర్ణమునుబట్టియే కృష్ణయను పేరు గలిగినదని భారతము. రాజులెల్ల నామెకై వింటి నెత్తబూనిరి. ఆమె వర్ణమును లోపముగ నెంచినవాడు లేడు. కవిత్రయమువారు ఆ నామమును నిస్సంకోచముగ వాడిరి. అట్టి వాఙ్మయము గల దేశమున 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ యను లేపనము వెలసి, నలుపు దీరినగాని ఉద్యోగమును, వివాహమును గూడిరావను కథను ప్రకటనలలో నేండ్లతరబడి చెప్పెను. 2020లో దాని పేరు ‘గ్లో అండ్ లవ్లీ’ యని మార్చబడినది. నామము మాఱినంతనే రూఢార్థము మాఱదనుట శాబ్దికులకు జెప్పనక్కఱలేదు.

ఇట్లనుటచే కావ్యములు నిర్దోషములని తాత్పర్యము గాదు. ఆపాదమస్తకవర్ణన పేర స్త్రీని అవయవములపట్టికగ జేసిన ప్రబంధములు పెక్కులు గలవు. వానియందు నాయిక మాటాడుటకన్న జూడబడుట యెక్కువ. వరూధిని కోరికను, తర్కమును, దుఃఖమును దన నోటనే పలుకుటచేత నిలిచినదే కాని యంగవర్ణనచే గాదు. మఱియు కావ్యములను జదివినవారు కొందఱే. చిత్రమును జూచుటకు అక్షరజ్ఞానమైన నక్కఱలేదు. దోషము రెంటియం దున్నను, వ్యాప్తియందును, ప్రచ్ఛన్నతయందును చిత్రమునదే మిక్కిలి.

ఈ ప్రచ్ఛన్నతను దొలగించుటకు గొన్ని దేశములు శాసనములు చేసినవి. ప్రకటనలలో నమూనాస్త్రీల దేహాకృతిని మార్చిన చిత్రముపై ఆ మాట వ్రాయవలెనని ఫ్రాన్సునందు 2017నుండియు, ఇట్టి నియమమే నార్వేయందు 2022నుండియు నమలులోనికి వచ్చినది. శాస్త్రపరిభాషలో నిది లోపించిన వాచకమును మరల జేర్చుటయే. కాని యిట్టి వ్రాత యుంచినను చూచువారి యసంతృప్తి యంతగ దగ్గలేదని పలు పరిశోధనలందు దేలినది. ఇది వింత గాదు. ‘వలె’ యను శబ్దమును జూచినంతమాత్రమున ఉపమ బోధపడదు. ఉపమానమేదో, ఉపమేయమేదో, సాధారణధర్మమెంతవఱకో విడదీసి చూచు నలవాటు ముందే కలిగియుండవలెను.

ఆ యలవాటును గలిగించు శాస్త్రము పాఠశాలలందే యున్నది. అలంకారలక్షణములను వల్లెవేయించి పరీక్షతో విడిచిపెట్టుచున్నందుననే యది నిరుపయోగముగ దోచుచున్నది. అతిశయోక్తిని బోధించునాడు పండితుడు కావ్యాదర్శములోని నడుము ప్రక్కన నేటి ప్రకటనలోని నడుమును నిలిపి, ఇందు వక్త యెవ్వడు, అతని వివక్ష యేమి, దానివలన లాభము నందువా డెవ్వడు అని విద్యార్థినులచే బ్రశ్నింపజేయవచ్చును. కావ్యమున వక్త ప్రియుడు. ప్రకటనయందు వక్త వర్తకుడు. ఈ యొక్క సంగతి తెలిసిన బాలిక యద్దము ముందు నిలిచినపుడు తన ముఖమును దప్పుపట్టుటకు ముందు పటమును శంకించును.