నాలుగు శాతంలో ఎవరికెంత?

ముస్లిం రిజర్వేషన్ గురించి మాకు ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: ఉండాలా, తీసెయ్యాలా? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాలుగు శాతం చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఈ పరుగులో రెండో ప్రశ్న అడిగే తీరిక మాకు లేకపోయింది. ఎవరికి అందింది?

చట్టం మమ్మల్ని ఒకే ముద్దగా చూడలేదు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను పక్కన పెట్టింది. అత్తరు సాయిబులు, గారడి సాయిబులు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, షేకులు అంటూ పేరుపేరునా రాసింది. ముస్లింలలో కులాల్లేవన్న మా పెద్దల మాటను సర్కారే కాదంది. మంచిదే. కానీ పేర్లు అన్ని రాసి, పరిచింది మాత్రం ఒకటే దస్తర్‌ఖాన్. షేకుల పిల్లాడూ, ఎలుగుబంటిని ఆడించి బతికిన గుడ్డి ఎలుగువాళ్ల పిల్లాడూ మెడికల్ సీటు కోసం ఒకే వరసలో నిలబడాలి. రెండోవాడు ఆ వరస దాకా రావాలంటే ముందు ఇంటర్ గట్టెక్కాలి.

అందుకే మొత్తం సీట్ల లెక్క చూపించి పథకం ఫలించిందంటే మేం ఒప్పుకోం. 2006లో సచార్ కమిటీ ముస్లిం ఓబీసీలను మిగతా ముస్లింల నుంచి విడదీసి చూసింది కాబట్టే మాలోపలి తేడా అంకెల్లోకెక్కింది. ఆ పని బీసీ-ఇ లోపలా జరగాలి. డాక్టర్లయినవాళ్లలో షేకులెందరు, ఫకీర్లెందరు?

ఇలా అడిగితే ఐక్యత చెడుతుందని మావాళ్లే కోప్పడతారు. శత్రువు చేతికి కత్తి ఇస్తున్నారంటారు. ఆ భయం ఉత్తదేం కాదు. అయినా అడుగుతున్నాం. ఫకీరింటి పిల్లకు సీటు కన్నా ముందు హాస్టల్ కావాలేమో, ఏడో తరగతిలోనే చదువు ఆగిపోతోందేమో, లెక్క తియ్యకుండా ఎవరికి తెలుస్తుంది?