రెండు దరఖాస్తులు, ఒక ఆవకాయ యూనిట్

సొంతంగా ఏదైనా పెట్టుకుందామనుకుంటున్నానని నలుగురిలో అంటే చాలు, ‘35 శాతం సబ్సిడీ ఉందట, పెట్టెయ్’ అనేవాళ్ళు ఇద్దరైనా తేలతారు. ఏ పథకంలో, దేనిమీద 35 శాతం అని అడిగితే ఇద్దరూ నసుగుతారు. వాళ్ళనని లాభం లేదు. పచ్చళ్ళు, పొడులు, అప్పడాల లాంటి వ్యాపారాలకు అదే అంకె రెండు పథకాల్లో ఉంది. ఒకటి పీఎంఈజీపీ. నిరుద్యోగ యువత కోసం అంతకుముందున్న రెండు పథకాలను కలిపేసి 2008లో తెచ్చారు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ చూసుకుంటుంది. రెండోది పీఎంఎఫ్‌ఎంఈ. కొవిడ్ ఏడాది 2020 జూన్ చివర్లో ఆత్మనిర్భర్ ప్యాకేజీ కింద, 10,000 కోట్ల అంచనాతో కేంద్ర ఆహారశుద్ధి పరిశ్రమల శాఖ మొదలుపెట్టింది. రెంటిలోనూ ముందు బ్యాంకు అప్పు, ఆ అప్పుకు తోకగా సబ్సిడీ. బ్యాంకు వద్దంటే రెండూ లేవు.

మార్గదర్శకాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే మొదట కొట్టొచ్చినట్టు కనిపించే తేడా శాతాల్లో కాదు, ఎదురుగా ఎవరున్నారని రాశారన్న దాంట్లో. పీఎంఈజీపీ మనసులో ఉన్నది ఇంకా ఏ పనీ మొదలుపెట్టని కుర్రాడు. 18 ఏళ్ళు నిండాలి, తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి, కుటుంబానికి ఒక్కరే, యూనిట్ కొత్తదై ఉండాలి. పీఎంఎఫ్‌ఎంఈ మనసులో ఉన్నది ఇప్పటికే పెరట్లో కారం దంచి సంచుల్లో కట్టి అమ్ముతూ, లైసెన్సు గొడవ తెలియని మనిషి. మొదట్లో నడుస్తున్న యూనిట్లకే అన్నారు, తర్వాత కొత్తవాటినీ రానిచ్చారు. ఏళ్ళ తరబడి పచ్చళ్ళు అమ్ముతున్న ఆవిడకి పీఎంఈజీపీ ఫారంలో ఆ అనుభవమంతా పక్కనపెట్టి కొత్తగా పుట్టినట్టు రాసుకోవాల్సి వస్తుంది. ఈ ఒక్క విషయంలో రెండో పథకం రాసినవాళ్ళకి వంటిల్లు తెలుసు.

అయితే వంటింట్లో డబ్బు ఎప్పుడు కావాలో తెలుసా? లెక్క వేసి చూద్దాం. గుంటూరు జిల్లాలో ఒక పల్లె, బీసీ మహిళ, ఆవకాయ యూనిట్. షెడ్డు మార్పులు, కాయ కోసే మిషన్, కలిపే మిషన్, సీలింగ్ మిషన్ అన్నీ కలిపి 6 లక్షలు. సరుకుకి 4 లక్షలు. మొత్తం 10 లక్షలు అనుకుందాం. పీఎంఈజీపీలో పల్లెల్లోని మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు 35 శాతం, సొంత వాటా 5 శాతం. ఆ పథకం ఒక విడత సరుకు పెట్టుబడిని కూడా ప్రాజెక్టు ఖర్చులోనే కలుపుతుంది కాబట్టి 10 లక్షల మీద 3.5 లక్షల సబ్సిడీ, చేతి నుంచి 50 వేలు. పీఎంఎఫ్‌ఎంఈలోనూ 35 శాతమే, గరిష్ఠం 10 లక్షలు. కానీ అది యంత్రాల మీద, యంత్రాలకు కావాల్సిన కట్టడాల మీద. సరుకు పెట్టుబడి లెక్కలోకి రాదు. ఆ 6 లక్షల మీద 2.1 లక్షలు వస్తాయి, సొంత వాటా 10 శాతం. పైన సరుకుకి అప్పు విడిగా మాట్లాడుకోవాలి.

ఆవకాయకి ఈ తేడా చిన్నది కాదు. ఏడాది సరుకంతా వేసవిలో ఒకటి రెండు నెలల్లో కొనాలి. కాయ ముదిరి టెంక కట్టాలి, పండబారకూడదు. అప్పుడే కారం, ఆవపిండి, నువ్వుల నూనె డబ్బాలు దింపుకోవాలి. ఆ తర్వాత పదినెలలూ అమ్మకమే. ఇలాంటి వ్యాపారానికి మిషన్ కంటే సరుకే మెడ పట్టుకుంటుంది. ‘సూక్ష్మ ఆహారశుద్ధి’ అని పేరు పెట్టుకున్న పథకం యంత్రం దగ్గర ఆగిపోయి, ఆహారం ఊసే లేని పథకం సరుకును లెక్కలో కలుపుకోవడం నాకు విడ్డూరంగానే ఉంది.

ఇదే లెక్కని గుంటూరు టౌనులోని ఓసీ మగవాడి చేతికిస్తే ఫలితం తిరగబడుతుంది. పీఎంఈజీపీలో అతనికి 15 శాతమే, 10 లక్షల మీద 1.5 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈకి కులం, ఊరు పట్టవు కాబట్టి 2.1 లక్షలు. అతనికి ఆలోచించే పనే లేదు. టౌను అన్నాను కదా, పీఎంఈజీపీలో ఈ గీత మహా చిత్రమైనది. పంచాయతీ కిందుంటే పల్లె, మునిసిపాలిటీ కిందుంటే పట్నం. మన పల్లెలు ఒక్కొక్కటే పక్క మునిసిపాలిటీలో కలిసిపోతున్న కాలంలో, అదే వీధి, అదే మనిషి, అదే రోలు, కలిసిన మర్నాటి నుంచి మన ఆవకాయ ఆవిడకి 35 కాస్తా 25. గ్రామీణ ప్రాంతమేనన్న సర్టిఫికెట్ ముందే తీసుకోమని చెప్పేది ఇందుకే.

ఇక రిపోర్టు రాసే కలం సంగతి. బ్యాంకు మేనేజరు చూసేది మనిషిని కాదు, ప్రాజెక్టు రిపోర్టుని. మొదటి ఏడాది 60 శాతం ఉత్పత్తి, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80 అని నడిచే రిపోర్టులు చూసీ చూసీ ఆయనకి కంఠతా వచ్చేసి ఉంటాయి. అందులో ఆవకాయ యూనిట్‌కి కూడా ముడిసరుకుని పన్నెండు నెలలకీ సమానంగా పంచేసి ఉంటుంది. డిసెంబర్లో మామిడికాయ ఎక్కడిదని ఎవరూ అడగరు. ఎందుకంటే రాసినవాడు పిండిమర రిపోర్టులో పేరు మార్చి ఇచ్చాడు. పీఎంఈజీపీ నమూనా రిపోర్టులైతే దొరుకుతాయి, శిక్షణా ఉంది, కానీ పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి లేడు. ఆ ఖాళీలోకే బ్రోకర్లు వచ్చి చేరారు. మేం మధ్యవర్తులెవరినీ పెట్టలేదు, ఎవరికీ డబ్బివ్వకండి అని కమిషన్ హెచ్చరిస్తూనే ఉంటుంది. ‘ఫైలు కదిలిస్తాం, వచ్చినదాంట్లో ఇంత’ అనేవాళ్ళు ఉంటూనే ఉంటారు.

పీఎంఎఫ్‌ఎంఈ చేసిన తెలివైన పని ఇక్కడుంది. జిల్లాకి రిసోర్స్ పర్సన్లను పెట్టి, రిపోర్టు రాయడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇప్పించడం వాళ్ళ పని అంది. అప్పు మంజూరైన ఒక్కో కేసుకి 20 వేలు ప్రభుత్వమే ఇస్తుంది. సగం మంజూరయ్యాక, మిగతా సగం రిజిస్ట్రేషన్లు, శిక్షణ లాంటివి పూర్తయ్యాక. దరఖాస్తుదారు పైసా ఇవ్వక్కర్లేదు. బ్రోకరు చేసే పనినే జీతం లేని, కూలి ఉన్న ఉద్యోగంగా మార్చేశారన్నమాట. మంజూరైతేనే కూలి కాబట్టి బ్యాంకు సులభంగా ఒప్పుకునే కేసుల వెంటే పడతారేమో అన్న అనుమానం నాకుంది. అయినా ఈ ఏర్పాటు పీఎంఈజీపీకి లేకపోవడమే దాని పెద్ద లోటు. సొంత వాటా సగానికి తగ్గించినా, ఆ మిగిలిన సగం బ్రోకరు జేబులోకి పోతే ఏం లాభం?

డబ్బు చేతికొచ్చే తీరులో మాత్రం రెండూ తోడుదొంగలే. సబ్సిడీ వచ్చి బ్యాంకులో మీ పేరున కూర్చుంటుంది, మూడేళ్ళు ముట్టుకోలేరు. ఆ మేరకు అప్పుకి వడ్డీ పడదు, దానికీ వడ్డీ రాదు. యూనిట్ నడుస్తూ, ఖాతా మొండిబకాయి కాకుండా ఉంటే మూడేళ్ళ తర్వాత అప్పులో సర్దుతారు. సబ్సిడీ వస్తే నూనె కొట్టు బాకీ తీర్చేద్దామనుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి పల్లెలో ఆవకాయ ఆవిడకి పీఎంఈజీపీ అంటాను, వేసవి కొనుగోళ్ళను వేసవిలోనే చూపిస్తూ రిపోర్టు రాసిపెట్టే నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే. లేకపోతే, ఆ తక్కువ డబ్బుకే పీఎంఎఫ్‌ఎంఈ మేలు. ఏడాది పొడుగునా సరుకు దొరికే పిండిమర, జంతికల వాళ్ళకి సరుకు పెట్టుబడి గొడవ తక్కువ, పీఎంఎఫ్‌ఎంఈ సరిపోతుంది. యూనిట్ 30 లక్షలు దాటేదైతే పల్లె మహిళ మళ్ళీ పీఎంఈజీపీ వైపే చూడాలి, ఎందుకంటే అక్కడ తయారీకి హద్దు 50 లక్షలు.

పీఎంఎఫ్‌ఎంఈలో సరుకుకీ చిన్నచిన్న పనిముట్లకీ అని డబ్బు పెట్టింది ఒక్కచోటే, డ్వాక్రా మహిళలకిచ్చే మూలధనంలో. ఆహార పదార్థాలు తయారుచేసే ఒక్కో సభ్యురాలికి 40 వేలు. ప్రభుత్వం నుంచి అది మహిళా సంఘాల సమాఖ్యకి గ్రాంటుగానే వెళుతుంది, తిరిగి కట్టక్కర్లేదు. సమాఖ్య దగ్గర్నుంచి సంఘం ద్వారా ఆవిడ చేతికొచ్చేసరికి అది అప్పు. తిరిగి కట్టాలి.